ఉగాండా పటంలో స్త్రీల వాటా

ఉగాండాలో స్థానిక కౌన్సిళ్ళు ఐదు మెట్లుగా ఉంటాయి. గ్రామం, పారిష్, సబ్‌కౌంటీ, కౌంటీ, జిల్లా. 1986లో అధికారానికొచ్చిన ముసెవెని ప్రభుత్వం నడిపిన ప్రతిఘటన మండళ్ళే ఇలా రూపం మార్చుకున్నాయి. 1995 రాజ్యాంగం స్థానిక ప్రభుత్వ మండళ్ళలో మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. ఆఫ్రికాకే ఆదర్శమని సదస్సుల్లో చప్పట్లు కొడుతున్నవాళ్ళు ఆ మూడోవంతును ఎక్కడ అతికించారో చూడాలి.

మన 73వ సవరణ ప్రకారం రిజర్వయిన వార్డుకు గెలిచిన స్త్రీ ఒక్కతే సభ్యురాలు. అక్కడ అలా కాదు. మామూలు వార్డుల్ని ముట్టుకోకుండా, వాటిపైన స్త్రీల స్థానాలు అదనంగా పెట్టారు. మామూలు వార్డులో స్త్రీలు పోటీ చేయకూడదని చట్టంలో లేదు. కానీ 'మీకు వేరే స్థానాలున్నాయి కదా' అనడానికి పార్టీలకు సాకు దొరికింది. సబ్‌కౌంటీ కౌన్సిలర్ ఒక పారిష్‌కు జవాబు చెబితే చాలు, స్త్రీల స్థానంలో గెలిచినామె కొన్ని పారిష్‌లు చుట్టిరావాలి. పార్లమెంటుకూ ఇదే లెక్క: జిల్లాలో ఎన్ని నియోజకవర్గాలున్నా ఒక్కతే మహిళా ప్రతినిధి. తిరగాల్సిన నేల పెద్దది, కుర్చీ మాత్రం చిన్నది!

ఇక జిల్లాల సంగతి. 1986లో 33 ఉండేవి. 2020 నాటికి కంపాలా కాక 135 అయ్యాయి. జిల్లా చీలిన ప్రతిసారీ ఒక మహిళా సీటు పుడుతుంది. అంటే పాలకుడు తనవాళ్ళకు పదవులు పంచే పనికి స్త్రీల ప్రాతినిధ్యం పేరు తోడైందన్నమాట. ఆ జిల్లాల చేతుల్లో డబ్బుందా? తలపన్నును 2005లో ఎత్తేశాక స్థానిక ఆదాయానికి పెద్ద దెబ్బ తగిలింది. కంపాలా నుంచి వచ్చే నిధులు చాలావరకు షరతులతోనే వస్తాయి. ఖర్చు నిర్ణయించేది పైవాళ్ళయితే కౌన్సిల్లో మూడోవంతు ఉండి స్త్రీలు నిర్ణయించేదేమిటి?

అసలు అన్యాయం అట్టడుగు మెట్టులో ఉంది. మొగుడు పోయాక అత్తింటివాళ్ళు భూమిలోంచి వెళ్ళగొడితే ఆడది ముందుగా పరుగెత్తేది గ్రామ కౌన్సిల్ దగ్గరికే. గుర్తింపు ఉత్తరం కావాలన్నా ఆ ఛైర్మనే రాయాలి. అలాంటి మెట్టుకు 2001 తర్వాత 2018 దాకా ఎన్నికల్లేవు. బహుళ పార్టీల వ్యవస్థలో పాత కౌన్సిళ్ళు చెల్లవని 2007లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పినా ఏళ్ళ తరబడి పాతవాళ్ళే కూర్చున్నారు. చివరికి 2018 జూలైలో ఎన్నిక జరిపితే రహస్య ఓటు లేదు, అభ్యర్థి వెనక వరసలో నిలబడాలి. మొగుడూ మామా మరుదులూ చూస్తుండగా ఏ కోడలు తనకు నచ్చినవాళ్ళ వెనక నిలబడగలదు?

కొత్త జిల్లాలు తర్వాత గీసుకోవచ్చు. గ్రామానికి ముందు రహస్య ఓటు కావాలి. స్త్రీలకు కావలసింది అదనపు కుర్చీ కాదు, అసలు వార్డు.