వెదురును చెత్త లెక్కల రాస్తే ఊరుకోవద్దు

మన బండ్లల్ల పోసుకుంటున్న పెట్రోలులో ఇప్పుడు నూటికి ఇరవై వంతుల దాకా ఇథనాల్ ఉంటున్నది. నేనుండే బార్కస్‌లో ఏ మెకానిక్ షాపు కాడ నిలబడ్డా ఇదే ముచ్చట. మైలేజీ పడిపోయిందని ఒకరు, పాత బండి ఇంజను ఖరాబైతదని ఒకరు. మైలేజీ కొంత తగ్గుడు నిజమే, ఇథనాల్‌లో పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. కానీ ఆ ఇథనాల్ దేనితో తయారైతున్నది, రేపు దేనితో తయారు చేస్తమంటున్నరు అనేది ఎవరూ అడుగుతలేరు. రేపటి సంగతి నేరుగా మన ఏజెన్సీ ఊర్లకు తగిలేది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇయ్యాల దేశంలో తయారయ్యే ఇథనాల్‌లో చాలా భాగం చెరుకు, మక్కలు, బియ్యం నుంచి వస్తున్నది. ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యం కూడా ఫ్యాక్టరీలకు పోతున్నయ్. మన రాష్ట్రంలో ఈ ఫ్యాక్టరీలు ఎట్ల వస్తున్నయో నారాయణపేట జిల్లా చిత్తనూరు చుట్టుపక్కల ఊర్లను అడగండి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ను అడగండి. 2024 నవంబర్‌లో అక్కడి జనం ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లలతో సహా రోడ్డు మీద కూర్చుంటే గానీ సర్కారు పనులు ఆపలేదు.

ఈ గొడవలకు జవాబుగా సర్కారు, కంపెనీలు చూపెడుతున్నది రెండో తరం ఇథనాల్. తిండి గింజలు ముట్టమంటరు. వరిగడ్డి, పత్తికట్టె, మక్కకట్టె, చెరుకు పిప్పి లాంటి 'చెత్త' నుంచి తీస్తమంటరు. 2019లో కేంద్రం దీనికోసం పీఎం జీవన్ యోజన పెట్టింది. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ఫ్యాక్టరీని ప్రధాని ప్రారంభించిండు. తొమ్మిది వందల కోట్లకు పైగా ఖర్చు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి తీసుకొని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ ఇస్తదని లెక్క. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు.

ఇది ఎట్ల పనిచేస్తదో మనోళ్లకు చెప్పుడు అల్కనే. ఇప్పపువ్వులో చక్కెర నేరుగా ఉంటది. నానబెడితే పులుస్తది, కాస్తే సారా వస్తది. గడ్డిలో, కట్టెలో కూడా చక్కెర ఉంది, కాకపోతే అది సెల్యులోజ్ అనే పొడుగు గొలుసులో బిగుసుకొని ఉంటది. దాని చుట్టూ లిగ్నిన్ అనే జిగురు గోడ. ముందు ఆవిరితో, యాసిడ్‌తో ఆ గోడను బద్దలు కొట్టాలె. తర్వాత ఎంజైములు పోయాలె. ఒక రకం ఎంజైము గొలుసును నడిమిట్ల తెంపుతది, ఇంకోటి కొసల నుంచి రెండేసి ముక్కలుగా కోస్తది, మూడోది ఆ రెండును విడదీసి గ్లూకోజ్ చేస్తది. అప్పుడు ఈస్ట్ దాన్ని సారా చేస్తది. గడ్డిలో ఉండే జైలోజ్ అనే ఇంకో చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు, దానికి వేరే రకం కావాలె. (ఒక్క సీసా ఇప్పసారా దొరికితే మన మీద ఆబ్కారీ కేసు. అదే పని ట్యాంకుల్లో చేసేటోళ్లకు బ్యాంకు వడ్డీలో సాయం. సరే, అది ఇంకో రోజు రాసుకుందాం.)

ఈ ఎంజైముల కథ రెండో ప్రపంచ యుద్ధంల మొదలైంది. పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు బట్టలు కుళ్లిపోతుంటే ఎందుకా అని వెతికిన్రు. ఒక బూజు దొరికింది. దాని పేరు ఇప్పుడు ట్రైకోడెర్మా రీసీ. ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త పేరు మీద పెట్టిన్రు. ఫ్యాక్టరీల్లో వాడే సెల్యులేజ్ ఎంజైములు ఎక్కువగా ఆ బూజు వారసులవే. సైన్సుగా చూస్తే చాలా గొప్ప పని, నాకు ఇష్టమైన ముచ్చట కూడా.

అయితే ల్యాబుల పనిచేసింది ఫ్యాక్టరీల లాభం తేవాలె కదా. అమెరికాలో అబెన్గోవా కంపెనీ కాన్సస్‌లో 2014లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచింది, కొద్దికాలానికే దివాలా తీసింది. డ్యూపాంట్ 2015లో అయోవాలో తెరిచి 2017లో మూసేసింది. ఇటలీలోని క్రెషెంటీనో ఫ్యాక్టరీ 2013లో మొదలై 2017కల్లా ఆగి, తర్వాత చేతులు మారింది. క్లారియంట్ కంపెనీ రొమేనియాలో గోధుమగడ్డితో పెట్టింది 2023 ఆఖరుకు మూతబడ్డది. ఒక్కో దాని కథ వేరు. కానీ కష్టాలు మాత్రం దాదాపు అవే. గడ్డి తేలిక, జాగ మాత్రం మస్తు పడతది, కాబట్టి మోత ఖర్చు ఎక్కువ. కట్టలతో పాటు మట్టి, రాళ్లు వచ్చి మిషన్లల్ల ఇరుక్కుంటయ్. ఎంజైములు అగ్గువకు రావు.

ఇగ నా అసలు వాదన ఇది. ఎంజైము ధర దాన్ని తయారుచేసే కంపెనీ చేతుల ఉంటది. స్టీలు, కరెంటు, బ్యాంకు అప్పు ధరలు మార్కెట్ చేతుల ఉంటయ్. ఇథనాల్ ధర ఆయిల్ కంపెనీల చేతుల. ఫ్యాక్టరీ ఓనరు నొక్కగలిగేది ఒక్కటే మిగులుతది, ముడిసరుకు ధర. ముడిసరుకును అగ్గువకు తీసుకోవాలంటే ముందు దానికి 'చెత్త' అని పేరు పెట్టాలె. చెత్తకు ఓనరు ఉండడు, ధర అడిగేటోడు ఉండడు.

ఆదిలాబాద్‌ల పత్తికట్టెను చూడండి. కంపెనీ లెక్కల అది వ్యర్థం. మన ఊర్లల్ల ఆరు నెలల వంటచెరుకు, పెరటికి దడి. వరిగడ్డి ఎడ్ల మేత. చేన్లల్ల మిగిలిన కట్టెను కాలబెడుతున్న మాట నిజమే, అందులో కొంత ఫ్యాక్టరీకి పోతే నాకేం అభ్యంతరం లేదు. పొగ తగ్గుతది, రైతు చేతికి నాలుగు పైసలు వస్తయ్. ఎంత మిగులుతది, ఎవరికి మిగులుతది అనేది ఊరు చెప్పాలె. హైదరాబాద్‌ల కూర్చున్న కన్సల్టెంటు కాదు.

వెదురు సంగతి ఇంతకంటే పెద్దది. 2025 సెప్టెంబర్‌లో అస్సాంలోని గోలాఘాట్ జిల్లా నుమాలీగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఏడాదికి 5 లక్షల టన్నుల పచ్చి వెదురు కావాలె, దాదాపు 49 వేల టన్నుల ఇథనాల్ వస్తది. పచ్చి వెదురు చెత్త కాదు. నిలబడ్డ అడవి. అస్సాంల ఇంటి చుట్టూ, సొంత జాగల్ల వెదురు పెంచుకునే అలవాటు ఉంది కాబట్టి రైతుల దగ్గరనే కొంటమనే మాటకు కొంత అర్థముంది. మన దగ్గర వెదురు ఎక్కువగా అడవిల ఉంది. ఆ అడవి మీద అటవీ శాఖ కూర్చుంది. రేపు ఇదే నమూనా ఆసిఫాబాద్‌కో భద్రాద్రికో వస్తే సంతకం ఎవరు చేస్తరు?

పాత అనుభవం మర్చిపోవద్దు. బార్కస్ అనే పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది, నిజాం తన అరబ్బు సైనికులను ఉంచిన జాగ ఇది. అదే నిజాం రాజ్యంల ఆదిలాబాద్ అడవి నడుమ సిర్పూరు కాగితం మిల్లు లేచింది. అక్కడికి దగ్గర్లనే జోడేఘాట్‌ల 1940లో కొమురం భీం నేలకొరిగిండు. దేశమంతటా కాగితం మిల్లులకు అడవి వెదురు ఎంత అగ్గువకు కట్టబెట్టిన్రో మాధవ్ గాడ్గిల్ రాసిండు. కర్ణాటకలో ఒక మిల్లుకు టన్ను రూపాయిన్నరకు ఇచ్చిన్రు. బుట్టలల్లుకునేటోళ్లు బజార్ల కొనే ధరకు దానికి పొంతనే లేదు. మన కొలాములు, మేదరోళ్లు ఇప్పటికీ గంపలకు, తడకలకు నాలుగు బొంగుల కోసం బీట్ ఆఫీసరు కాళ్లా వేళ్లా పడాలె.

చట్టం మాత్రం సాఫ్‌గ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిల చేర్చి, దాని మీద యాజమాన్య హక్కు అడవి బిడ్డలకు ఇచ్చింది. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. కాగితం మీదనే ఉంది అనేటోళ్లు ప్రాణహిత దాటి గడ్చిరోలి జిల్లాకు పోయి చూడండి. మెండా లేఖ అనే గోండు ఊరు 2009లో సామూహిక అటవీ హక్కు తీసుకుంది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి, వెదురు రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతుల పెట్టిండు. అప్పటి నుంచి ఎంత నరకాలె, ఎవరికి అమ్మాలె అన్నది ఊరే చూసుకుంటున్నది.

మన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరికి సామూహిక అటవీ హక్కు పత్రం ఉందా లేదా, ఉంటే అందులో వెదురు రాసి ఉందా లేదా ఐటీడీఏ ఆఫీసుకు పోయి చూడండి. లేకపోతే వచ్చే గ్రామసభల తీర్మానం పెట్టి క్లెయిమ్ వేయండి. అట్లనే ఇంకో తీర్మానం రాయండి: ఏ ఇథనాల్ కంపెనీ అయినా మా హద్దుల్లోని వెదురు, కట్టె కావాలంటే గ్రామసభ ముందుకు వచ్చి అడగాలె, ముందుగాల ఊరి అవసరం పోను మిగిలింది లెక్కగట్టాలె, ధర గ్రామసభ చెప్పాలె. తీర్మానం నకలు మీద పంచాయతీ ముద్ర వేయించి ఒకటి కలెక్టరేట్‌ల, ఒకటి డీఎఫ్‌ఓ ఆఫీసుల ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు ఫొటో కింద కామెంట్ల పెట్టండి, ఏ మండలంల ఎన్ని ఊర్లు చేసినయో రాసిపెడత.