నొప్పికీ సాక్ష్యం కావాలా?

నాగార్జునసాగర్ ఎడమకాలువ కింద, హుజూర్‌నగర్ పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళు నెలల తరబడి ఒళ్ళంతా నొప్పులంటే, పరీక్షల్లో ఏమీ తేలకపోతే, 'అంతా మనసులోనే' అని పంపేస్తారు. ఫైబ్రోమయాల్జియా రక్తపరీక్షకూ ఎక్స్‌రేకూ చిక్కదు. చిక్కనిదంతా అబద్ధం కాదు. బాధితుల్లో అధికులు స్త్రీలే.

2016లో ఐరోపా కీళ్ళవైద్య నిపుణులు గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. మెల్లగా పెంచుకునే నడక, కంటినిండా నిద్ర, పని మధ్య విరామం మేలు చేస్తాయి.

'నాట్లేయడం వ్యాయామం కాదా?' అంటారు. కాదు. గుత్త నాట్లలో ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉండదు. కోడికూతకు లేచి, పొలం నుంచి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడే మనిషికి నిద్ర ఎక్కడిది?

విశ్రాంతి చిట్కా కాదు, హక్కు. ఇంటిపనిలో సగం మగవాళ్ళు చెయ్యాలి. గుత్త రేటులో విరామానికీ లెక్క కట్టాలి. అప్పుడు చెప్పండి, మమ్మల్ని నడవమని!