సుద్దముక్కకు పన్ను మినహాయింపా?

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దిక్కు పోతుంటే రోడ్డు పొడవునా ఫామ్‌హౌసులే. ఆ పక్క ఊళ్లల్లనే, మన వాడల పిల్లలు చదివే సర్కారు బడిలో టీచరమ్మ సుద్దముక్కలు, చార్టులు, పరీక్ష పేపర్ల జిరాక్సు సొంత పైసలతో తెస్తది.

అమెరికాలో ఇట్లా ఖర్చు పెట్టే టీచర్లకు 2002 నుంచి ఆదాయపు పన్నులో మినహాయింపుంది. అప్పుడు 250 డాలర్లు, 2022లో 300 అయింది. మనకూ కావాలంటున్నరు మిత్రులు. మంచి మనసే. కానీ లెక్క చూడండి. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్నే లేదు. లేని పన్నులో ఏం తగ్గిస్తరు? నెలకు 12 వేలకు పాఠం చెప్పిన విద్యా వాలంటీర్‌కైతే పైసా రాకపోవు. దక్కితే పెద్ద జీతమున్న సీనియర్‌కే.

నేనడిగేది స్కూల్ గ్రాంటు. సమగ్ర శిక్షా కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు, 100 మంది దాకా 25 వేలు. కరెంటు బిల్లు, రిజిస్టర్లు, బాత్రూంల శుభ్రం అన్నీ అందులోనే. పిల్లలు తగ్గితే గ్రాంటూ తగ్గుతది, కరెంటు బిల్లు తగ్గుతదా? విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. ఇంకా టీచరమ్మ దయ మీదనే నడవాల్నా? దయ మీద నడిచే చదువు ఎట్లుంటదో మన తాతలకు తెలుసు.

చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు సీటు. ఓట్లకు వచ్చినోళ్లను ఒక్కటే అడగండి: జూన్‌లో బడి తెరిచేనాటికి గ్రాంటు ఖాతాలో పడుతదా? నీళ్లు నమిలితే, టీచరమ్మ కొన్న సుద్దపెట్టె బిల్లు వాళ్ల చేతిల పెట్టండి.

జై భీమ్.