రాడారు చూపునకు గణితమే పదును

లెక్కలు పరీక్షల కొఱకే గదా యని విద్యార్థులు కొందఱు తలచుచున్నారు. పెద్ద శాస్త్రములు తెలుగున చెప్పుటకు వీలుకాదని తల్లిదండ్రులు కొందఱు భయపడి, పిల్లలను ఈ బడి మాన్పింప జూచుచున్నారు. ఈ రెండు తలంపులును సరికావని మా అభిప్రాయము. రాడారునే నిదర్శనముగా గైకొందము.

రాడారు రేడియో తరంగమును పంపును. అది వస్తువునకు తగిలి తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును గణించును. సెకనులో పదిలక్షలవ వంతు కాలము సాగిన తరంగము పొడవు 300 మీటర్లు. తరంగము పోయి రావలెను గనుక, అందు సగము, అనగా 150 మీటర్లకన్న దగ్గఱగా ముందువెనుకల నున్న రెండు పడవలు దానికి ఒక్కటిగా కనబడును. తరంగమును కుఱుచ చేసినచో అందలి శక్తి తగ్గి, దూరపు పడవ కనబడకపోవచ్చును.

ఇచ్చట గణితము తోడ్పడును. బడిగంటపై వెంటవెంటనే రెండు దెబ్బలు పడినచో మ్రోతలు కలసిపోవును. ఒక్క దెబ్బ మ్రోత ఎట్లుండునో ముందే యెఱిగినచో, కలసినవానిని లెక్కతో విడదీయవచ్చును. రాడారు పంపిన తరంగపు రూపము మనము ఎఱిగినదే గదా!

సమీకరణములకన్న తెలియని రాశులు ఎక్కువైనచో ఒకే జవాబు తేలదని తరగతిలో చెప్పుదుము. కాని ఆ రాశులలో పెక్కు సున్నలే యైనచో, కొన్ని నియమములకు లోబడి, జవాబును రాబట్టవచ్చునని కాండేస్, రాంబర్గ్, టావ్, డొనోహో అను గణితవేత్తలు 2006లో ప్రకటించిన వ్యాసములలో నిరూపించిరి. విశాలసముద్రమున పడవలు కొలదియే; తక్కినదంతయు సున్నయే. అయితే ఇది గారడి కాదు. ఊహ తప్పినను, రొద మిక్కుటమైనను లేని పడవ కనబడును. లెక్కతోపాటు వివేకమును కావలెను.

యంత్రమును పెంచుటకు మాఱు లెక్కను ఆశ్రయించుటకు మఱియొక తార్కాణము కలదు. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగసిన నైసార్ ఉపగ్రహము 747 కిలోమీటర్ల యెత్తున తిరుగునట్టిది. దాని యాంటెన్నా వెడల్పు 12 మీటర్లు. నేలపై 10 మీటర్ల యెడమును గుర్తించుటకు, యాంటెన్నా వెడల్పునే నమ్ముకొన్నచో, సుమారు 19 కిలోమీటర్లది కావలసియుండెడిది. ఉపగ్రహము కదలుచు గ్రహించిన పెక్కు ప్రతిధ్వనులను లెక్కతో కూర్చుట ఆ కొఱతను తీర్చును.

తల్లిదండ్రులారా! ఇదంతయు మేము తెలుగుననే చెప్పితిమి. బోధపడకున్నచో లోపము మాది, భాషది కాదు. ఇంగ్లీషును, ఈ రాష్ట్రపు భాషను పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అందులకై తల్లిభాషను విడువ నక్కఱలేదు. విద్యార్థులారా! రేపు పలకపై రెండు సమీకరణములు వ్రాయునపుడు, అవి విడదీయనున్న రెండు పడవలని తలపోయుడు.