చంపక తప్పదు సరే, చెలగాటం ఎందుకు?



ప్రతి ఏటా ఈ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల త్యాగం గురించి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము ఎలుక గురించి రాస్తున్నాం. నవ్వకండి. హాస్టల్లో ఉన్నవాడికి ఎలుక చిన్న విషయం కాదని మీకూ తెలుసు. ట్రంకు పెట్టె మూత సరిగా పడకపోతే ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు ఉండవు, నోటు పుస్తకం అంచులూ ఉండవు. నిద్రలో కాలి వేలు కొరికించుకున్న వాళ్లు మాలో ఉన్నారు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల, బురద వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఒకవైపు మామిడి తోటలు, మరోవైపు వరి చేలు ఉన్న మన హనుమాన్ జంక్షన్‌లో ఎలుకలకు, పందికొక్కులకు కొదవ లేదు. కాబట్టి ఎలుకలను చంపవద్దని మేము అనడం లేదు. ఎలా చంపుతున్నాం అన్నదే మా ప్రశ్న.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు పెద్దలు. పిల్లికి తెలియదు. చదువుకుంటున్న మనకు తెలుసు గదా!

పోయిన వానాకాలం కొందరు పిల్లలు గోడ పక్కన దొరికిన జెర్రిపోతును ప్లాస్టిక్ డ్రమ్ములో వేశారు. బోనులో పడ్డ ఎలుకను బతికుండగానే అందులోకి విదిలించారు. పాముకు అన్నం పెడుతున్నామన్నారు. పాము దాన్ని ముట్టలేదు, భయంతో ఒక మూల చుట్టుకుపోయింది. ఎలుక మాత్రం చాలాసేపు డ్రమ్ము గోడలు గీరుతూనే ఉంది. చుట్టూ చేరినవాళ్లు ఈలలు వేశారు.

పాము ఎలుకను తినడం ప్రకృతి ధర్మమే కదా అని వాళ్ల వాదన. పొలంలో అయితే నిజమే. అక్కడ ఎలుక పారిపోవడానికి కన్నం ఉంటుంది, పాము తప్పుకోవడానికి గట్టు ఉంటుంది. డ్రమ్ములో ఏముంది? వినోదం కోసం ఒక జంతువును కట్టడి చేసి మరో జంతువుకు ఎరగా వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ ఆ చట్టం దృష్టిలో జంతువే, ఎలుకతో సహా. జెర్రిపోతును పట్టి ఉంచుకోవడానికి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదు.

విదేశాల్లో కొండచిలువల వంటి పాములను ఇళ్లలో పెంచుకునేవాళ్లు ఉన్నారు. వాటి తిండి కోసమే ఎలుకలను పెంచుతారు. అక్కడ కూడా తెలిసినవాళ్లు బతికున్న ఎలుకను వేయరు. తిరగబడ్డ ఎలుక పామును కొరికి పుండు చేస్తుంది. అందుకని ముందే చంపి, ఫ్రీజర్‌లో దాచి, కరిగించి వెచ్చబెట్టి పెడతారు. చంపడానికి కార్బన్ డయాక్సైడ్ వాడేవారు గ్యాసును పెట్టెలోకి మెల్లగా వదలాలి. ఒక్కసారిగా నింపితే ముక్కు, కళ్లు మండి ఎలుక విలవిలలాడుతుంది. నిమిషానికి పెట్టె పరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున నింపాలని అమెరికా పశువైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నీళ్లలో ముంచి చంపడాన్ని ఆ సంఘం ఒప్పుకోదు. ఇది సిలిండరు, మీటరు ఉన్నచోట తెలిసినవాళ్లు చేసే పని. వంటసోడా, నిమ్మకాయతో మనం చేసే ప్రయోగం కాదు. పాము నోటికి పోయే ఎలుక చావు గురించి కూడా ఇంత ఆలోచించినవాళ్లు ఉన్నారని చెప్పడానికే ఇదంతా రాశాం.

మరి మన దగ్గర? గమ్ ప్యాడ్ అని అమ్మే జిగురు అట్ట మీద పడ్డ ఎలుక వెంటనే చావదు. చర్మం ఊడేదాకా, కాలు విరిగేదాకా పెనుగులాడుతుంది. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ప్రాణం పోదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2011లో, మళ్లీ 2020లో వీటికి వ్యతిరేకంగా సలహా పత్రాలు ఇచ్చింది. బోనును బకెట్టులో ముంచడం ఇంకో పద్ధతి. అదీ ఊపిరాడని చావే. ఇక బ్రోమాడియోలోన్ మందు తిన్న ఎలుక లోపల రక్తం కారి కొన్ని రోజులకు చస్తుంది. అలాంటి ఎలుకను తిన్న గుడ్లగూబకూ, పిల్లికీ ప్రమాదమే. గుడ్లగూబ, జెర్రిపోతు మనకు జీతం లేకుండా పనిచేసే కాపలాదారులు!

"మనుషుల బాధే పట్టించుకునే దిక్కు లేదు, ఎలుకకు జాలా?" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. ఒకరి నొప్పిని లెక్కలోకి తీసుకోకపోవడం ఎలా ఉంటుందో మన తాతలకు, తండ్రులకు తెలుసు. ఆ అలవాటు మన చేతుల్లో పెరగకూడదు. డ్రమ్ము చుట్టూ ఈల వేసినవాడు రేపు కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లవాడు ఏడుస్తుంటే కూడా ఈలే వేస్తాడని మా భయం. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల కరుణ కూడా ఉందని మరువవద్దు.

అందుకే మా సూచనలు కొన్ని. మొదటిది, రానివ్వకపోవడం. ఆడ ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఆరు నుంచి పన్నెండు పిల్లలు. చంపుతూ పోతే ఎప్పటికీ తరగవు. బొటనవేలు దూరే కన్నం ఎలుకకు చాలు. కన్నాలు సిమెంటుతో పూడ్చాలి, తలుపు కింద రేకు కొట్టాలి, బియ్యం బస్తాలు గోడకు దూరంగా చెక్కల మీద పెట్టాలి, ఎంగిలి మెతుకులు రాత్రికి మిగలకూడదు. రెండవది, చంపవలసి వస్తే మెడ మీద పడి క్షణంలో చంపే గట్టి స్ప్రింగు బోను వాడాలి. ఎలుకకు పెట్టేది పందికొక్కుకు చాలదు, సైజు చూసి కొనాలి. చిన్నపిల్లల చేతికి అందకుండా పెట్టి, తెల్లవారగానే చూడాలి. మూడవది, జిగురు అట్టలు ఈ హాస్టల్ గడప తొక్కకూడదు.

వార్షికోత్సవానికి ఏదైనా ఇవ్వదలచిన అన్నలు మెమెంటోలకు బదులు ఇనుప జాలీ, మూతలున్న రేకు డబ్బాలు, నాలుగు మంచి బోనులు ఇస్తే సంతోషిస్తాం. బైపీసీ చదివే తమ్ముళ్లూ, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మనకు దగ్గరలోనే ఉంది. ప్రాణిని బాధ లేకుండా చూసుకోవడం, తప్పనప్పుడు బాధ లేకుండా సాగనంపడం ఒక చదువు. ఆ చదువు మనలో ఒకరికైనా రావాలని కోరుకుంటున్నాం.