పాతరలో దాచిన యుద్ధం

మొన్న వేసవిలో గార్లలో మా పాత యింటి పెరట్లో స్నానాలగది కట్టిద్దామని పునాది త్రవ్విస్తూ ఉంటే, గడ్డపార ఉన్నట్టుండి లోపలికి జారిపోయింది. మేస్త్రీ ఉలిక్కిపడి, "సార్, క్రింద డొల్లగా ఉంది, లంకెబిందెలేమో!" అన్నాడు. పనివాళ్ళంతా మూగారు. లంకెబిందెలు దొరికితే నా ఉద్యోగం సంగతి వేరే ఆలోచించేవాడినే గాని, నాకు ఆ గుంట సంగతి తెలుసు. అది మా తాతగారి వడ్ల పాతర. మా కుటుంబం వరకు రెండవ ప్రపంచయుద్ధానికి మిగిలిన గుర్తు అదొక్కటే.

గార్లకూ, హిట్లరుకూ ఏమిటి సంబంధమని మీరు నవ్వవచ్చు. ఒకసారి మా కళాశాలలో చరిత్ర అధ్యాపకుడు సెలవు పెడితే ఆ గంట నా నెత్తిన పడింది. పద్యాలు చెప్పుకునేవాడిని, యుద్ధం చెప్పవలసి వచ్చింది. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలెండు మీద పడడం మొదలుకొని, 1945 సెప్టెంబరు 2న జపాను సంతకం పెట్టేదాకా ఏకరువు పెట్టాను. వెనుక బల్ల కుర్రవాడొకడు లేచి, "ఇందులో మనం ఎక్కడున్నాం సార్?" అన్నాడు.

అప్పటికి నిజాంగారి విమానాల కథ చెప్పి తప్పించుకున్నాను. ఆ కథా నిజమే. బ్రిటిషు వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు, నిజాంగారిచ్చిన విరాళాన్ని బట్టి 'హైదరాబాదు' అనే పేరే ఉండేది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మనీ విమానాలతో తలపడిన స్పిట్‌ఫైర్లలో ఆ దళానివీ ఉన్నాయి. దాని చిహ్నం మీద నిజాం తలపాగా బొమ్మ! పిల్లలు ముచ్చటపడ్డారు. నాకు మాత్రం ఇంటికి వెళ్ళేదాకా మనసు మనసులో లేదు. అడిగినదానికి సమాధానం మా పెరట్లో పెట్టుకుని, ఇంగ్లండు ఆకాశం చూపించి వచ్చాను గదా!

యుద్ధం మన గుమ్మంలోకి బర్మా దారిన వచ్చింది. 1942 మార్చి 8న రంగూను జపాను వశమైంది. ఓడరేవుల్లో, బియ్యపు మిల్లుల్లో కూలికోసం వెళ్ళిన మన తెలుగువాళ్ళు – అక్కడివాళ్ళు 'కోరంగీలు' అనేవారు – వేలకు వేలు పిల్లలను భుజాన వేసుకుని అడవుల వెంట కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో రాలిపోయినవారికి లెక్కలేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ నెలలోనే, శత్రువు చేతికి చిక్కకూడదని బర్మా నూనె బావులను బ్రిటిషువారే తగులబెట్టి వెనుదిరిగారు. బర్మా బియ్యం ఆగింది, కిరసనాయిలు కరువైంది. గార్లలో దీపాలు మళ్ళీ ఆముదానికి దిగాయి.

మా నాయనమ్మ పదమూడేండ్ల వయసున, 1944లో, ఆ యింటికి కాపురానికి వచ్చింది. స్టేషను ముందు మిలిటరీ బండ్లు పోతుంటే లెక్కపెట్టడం ఆమెకు ఆట. కొత్తగూడెం బొగ్గు బండ్లు డోర్నకల్ మీదుగా ఉత్తరానికి పోయేదీ ఆ పట్టాల మీదనే. "బండ్లు పోయినట్టే వడ్లూ పోయినయి బిడ్డా" అనేది.

వడ్లు పోయినది లెవీ క్రింద. సర్కారు నిర్ణయించిన ధరకు సర్కారుకే ధాన్యం కొలవాలి. అంగట్లో ధర దానికి ఎన్నో రెట్లు. చట్టం అందరికీ ఒకటే గాని, కొలత ఒకటి కాదు. వందల ఎకరాల దొర గాదెల జోలికి పోని గిర్దావరు, పదెకరాల రైతు యింట్లో విత్తనాల కుండ కూడా బోర్లించి చూసేవాడు. యుద్ధం ముగిసినా లెవీ ముగియలేదు. 1946లో జనగామ ప్రాంతంలో రైతులు కర్రలు పట్టుకోవడానికి వెట్టితో పాటు ఇదీ ఒక కారణం.

మా తాతగారు కర్ర పట్టలేదు, గడ్డపార పట్టారు. రాత్రికి రాత్రి పెరట్లో గొయ్యి తీసి, చుట్టూ వరిగడ్డి పరచి, ఎనిమిది బస్తాల వడ్లు పోసి, మట్టితో మూసి, పైన పేడతో అలికించారు. ఆ అలికింది మా నాయనమ్మే. అలుకుతూ చేతులు వణికాయట.

గిర్దావరు వచ్చాడు, వెతికాడు, పోయాడు. ఈ కథను మా యింట్లో పెళ్ళిళ్ళలో, పండుగల్లో నవ్వుతూ చెప్పుకునేవారు. నాయనమ్మ మాత్రం నవ్వగా నేను చూడలేదు. పోయే ముందు సంవత్సరం ఎందుకని అడిగాను.

గిర్దావరు వచ్చి వెళ్ళిన నాలుగో నాడు మా పొలంలో నాట్లు వేసే మనిషి చంటిపిల్లతో వచ్చి, రెండు మానికల వడ్లు నాగుకు అడిగిందట. ఉన్నాయంటే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే చావడికి తెలుస్తుంది. అత్తగారు లోపలినుంచి కళ్ళతో సైగ చేసింది. "గింజ లేదు పో అన్న. ఆ పాతర మీదనే నిలబడి అన్న బిడ్డా" అంది నాయనమ్మ.

పాతర విప్పేసరికి పై వడ్లు ముక్కిపోయి ఉన్నాయట. ఆ మనిషి మళ్ళీ మా పొలానికి నాట్లకు రాలేదు. చంటిపిల్ల ఏమైందని అడిగితే నాయనమ్మ గోడవైపు తిరిగింది.

ఆమె పేరు మాత్రం చెప్పింది. ఇక్కడ వ్రాయడం లేదు. ఆమె మనుమలు మా వీధిలోనే ఉన్నారు. ఆ రోజు గడ్డపార జారిన కుర్రవాడు వారిలో ఒకడు. గుంట పూడ్చడానికి రెండు ట్రాక్టర్ల మొరం పట్టింది. అతనే పోశాడు.