నాలుకకు నేర్పాల్సిన నల్ల లేహ్యం

చూడ్డానికి చింతపండు గుజ్జును ఉడికించి ఉడికించి నల్లగా చేసినట్టుంటుంది. చదువుకోవడానికి మెల్‌బోర్న్ వెళ్లిన మన పిల్లలు కొందరు దాన్ని తొలిసారి చూసి చాక్లెట్ క్రీమనుకుంటారు. బ్రెడ్డుకు దట్టంగా పట్టించి పెద్ద ముక్క కొరుకుతారు. అంతే! ఉప్పు, చేదు, ఘాటు కలిసి నషాళానికంటుతాయి. ఆ సీసా మళ్లీ ముట్టుకుంటే ఒట్టు! అక్కడి పిల్లలేమో అదే వెజిమైట్‌ను పొద్దున్నే లొట్టలేసుకుంటూ తింటారు. వాళ్ల నాలుకేమైనా వేరే రకమా? కాదు. దానికి చిన్నప్పుడే నేర్పారు.

ఇంతకీ ఏమిటది? బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్. ఆ కణాలు తమలోని ఎంజైములతో తామే కరిగేలా చేసి, పొట్టు తీసేసి, రసాన్ని చిక్కబరిచి ఉప్పు కలుపుతారు. బీరు మాట విని పెద్దవాళ్లు కంగారుపడక్కర్లేదు. అందులో మత్తు ఉండదు. పైగా పూర్తి శాకాహారం. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊళ్లో 1902లో మొదలైన మార్మైట్ దీనికి అన్నగారు. మొదటి ప్రపంచయుద్ధం దెబ్బకు అది ఆస్ట్రేలియాకు సరిగా అందకుండా పోయింది. దాంతో మెల్‌బోర్న్ వ్యాపారి ఫ్రెడ్ వాకర్, 1922లో సిరిల్ కాలిస్టర్ అనే రసాయన శాస్త్రవేత్తకు అలాంటిదే చేయమని పని అప్పజెప్పాడు. మరుసటేడు వెజిమైట్ దుకాణాలకొచ్చింది.

వచ్చిందేగానీ... కొన్నవాళ్లు తక్కువ! 1928లో పేరు మార్చి చూశారు. అదీ పారలేదు. 1935లో పాతపేరే మళ్లీ పెట్టి, వేరే సరుకులు కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చారు. బి విటమిన్లు పుష్కలమని డాక్టర్ల చేత చెప్పించారు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల రేషన్లోనూ చేరింది. అంటే, ఆస్ట్రేలియా వాళ్లకు కూడా ఆ రుచి పుట్టుకతో వచ్చింది కాదన్నమాట.

మందుగా తిన్నవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతను గమనించారు. మార్మైట్ తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసినదేమిటో తర్వాత తేలింది... ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి సారథి ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! ఇవాళ గర్భిణులకు రాసిచ్చే చిన్న మాత్ర వెనక ఇంత కథ ఉంది.

సరే, నాలుకకు నేర్పడం ఎలా? మొదటి పాఠం... కొలత. ఆవకాయను గరిటెతో తీసుకుని వట్టిగా తినే తెలుగువాడు ఎక్కడైనా ఉన్నాడా? వేడన్నం, నెయ్యి తోడుంటేనే దాని మజా. ఇదీ అంతే. బ్రెడ్డును బాగా కాల్చాలి. వేడి మీదే వెన్న ధారాళంగా రాయాలి. ఆపైన కత్తి మొనకు అంటినంత వెజిమైట్... శనగగింజంత చాలు. పలచగా, కింద వెన్న కనిపించేలా పూయాలి. వెన్న ఆ ఉప్పును, చేదును మెత్తబరుస్తుంది. అప్పుడు బయటపడేదే అసలు రుచి. గ్లుటమేట్ వల్ల వచ్చే ఈ కమ్మదనాన్ని 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా గుర్తించి 'ఉమామి' అన్నారు. బాగా పండిన టమోటాలోనూ, పుట్టగొడుగుల్లోనూ ఉండేదదే. కాబట్టి మన నాలుకకు ఇది మరీ కొత్త చుట్టమేం కాదు.

రెండోది ఓపిక. కొత్త రుచి పిల్లలకు నచ్చాలంటే ఎనిమిది, పదిసార్లయినా చూపించాలంటారు పరిశోధకులు. పెద్దవాళ్లు మాత్రం ఒక్క కొరుకుతోనే తీర్పు చెప్పేస్తారు! వారానికి రెండుసార్లు, పైన ఓ చీజ్ ముక్కో, టమోటా చక్రమో పెట్టుకుని తింటే సులువు. అయినా కొందరికి ఎప్పటికీ నచ్చదు. మార్మైట్ వాళ్లు 1996 నుంచి ఆ మాటనే ప్రకటనగా వాడుకున్నారు... ఇష్టపడండి, లేదా అసహ్యించుకోండి అని.

బ్రెడ్డుతో తినలేనివాళ్లు సీసా పారేయక్కర్లేదు. కూరగాయల సూపులోనో, పుట్టగొడుగుల కూరలోనో అర చెంచా కలిపితే రుచి చిక్కబడుతుంది. వంద గ్రాముల్లో ఎనిమిది గ్రాములకు పైగా ఉప్పే ఉంటుంది కనుక ఆ కూరలో ఉప్పు తగ్గించుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు ఆ శనగగింజ కొలత దాటకపోవడమే మేలు.